కత్తెరీనమ్మ చక్రం

నవంబరు ఇరవైనాలుగు పొద్దున ఆళ్లగడ్డ నుంచి నంద్యాలకు బయల్దేరిన లారీలో శ్రీవాణి ముందు సీట్లో కూర్చోలేదు. డ్రైవరు పిలిచాడు, తండ్రి రామయ్య ఆచారి గదమాయించాడు, ఊహూ, వింటేగా! వెనక గడ్డి మీద తాళ్లతో కట్టి పడుకోబెట్టిన రాతిబొమ్మ పక్కన, దాని మీద చెయ్యి వేసుకుని కూర్చుంది. సిరివెళ్ల దాటేవరకూ గుంత వచ్చినప్పుడల్లా "మెల్లగప్పా, మెల్లగ!" అని అరుస్తూనే ఉంది. డ్రైవరు చెవులకు తూట్లు పడ్డాయి. అయినా ఆ పిల్లను ఏమనగలడు? ఏడు నెలల కష్టం అది. రేపు పొద్దున బిషప్పుగారు వచ్చి దాన్ని దీవిస్తారు, ఈ రోజే గుడిలో నిలబెట్టాలి.

బొమ్మంటే మామూలు బొమ్మ కాదు. నంద్యాల రైలు స్టేషన్ అవతల కత్తెరీనమ్మ గుడి ఉంది. ఆ గుడి ఉపదేశి ఫ్రాన్సిస్, అంటే ఫాదరు ఊళ్లో లేనప్పుడు ప్రార్థనలు చదివించే మనిషి, మొన్న ఏప్రిల్లో చంకలో ఫ్లెక్సీ చుట్ట పెట్టుకుని రామయ్య పనిపాకకు వచ్చాడు. విప్పి నేల మీద పరిచాడు. ఎక్కడో జర్మనీలో ఒక పల్లె గుడిలో బలిపీఠం వెనక నిలబెట్టిన, బొమ్మలు చెక్కిన చెక్క పలకకు తీసిన ఫోటో అది. పలక వయసు ఆరువందల ఏళ్లు. నడుమ కత్తెరీనమ్మ నిలువెత్తు బొమ్మ, చేతిలో కత్తి, కాళ్ల కింద కిరీటం పెట్టుకున్న రాజు, పక్కన ఒక చక్రం. అటు రెండు, ఇటు రెండు చిన్న బొమ్మల్లో ఆమె కథ.

"ఇదే మాకు నల్లరాతిలో కావాలప్పా" అన్నాడు ఫ్రాన్సిస్. "ఈయమ్మ ఐగుప్తు దేశపు రాజకుమారి. నమ్మిన దేవుణ్ని ఇడిచి మాట మార్చుకోమని రాజు యాభైమంది పండితుల్ని ఈమె మీదికి తోలినాడు. అందర్నీ వాదించి గెలిచింది. చెరసాల్లో పెట్టినారు. చక్రం తెచ్చినారు. ఆఖరికి కత్తితో తల తీసినారు. దేవదూతలొచ్చి సీనాయి కొండ మీదికి మోసకపోయినారు. వేదసాక్షి అంటాం మేము. పానం ఇచ్చింది గానీ మాట ఇడిచిపెట్టలేదు." ఇంకా ఏదో చెప్పబోయాడు గానీ ఫోను మోగింది. కర్నూలు నుంచి ఫాదరు. మాట్లాడుతూ బయటికి పోయిన మనిషి అట్నుంచి అటే బస్సెక్కాడు.

యాభైమంది పండితులను గెలిచిందన్న మాట వినగానే శ్రీవాణికి ఒళ్లు ఝల్లుమంది. "నాయనా, ఈ రాయి నాది" అంది అప్పటికప్పుడే.

ఎందుకంటే ఆ పిల్ల బాధ ఆ పిల్లది. ఇరవైఆరేళ్లు వచ్చాయి, పదేళ్లప్పటి నుంచి ఉలి పడుతోంది. రామయ్య పేరుతో గుళ్లకు పోయిన బొమ్మల్లో చేతులు, నగలు, నవ్వులు సగం ఆమెవే. అందరికీ తెలుసు, ఎవరూ నోరెత్తరు. ఇప్పుడు పనిపాకలో ఆత్మకూరు వాళ్ల అమ్మవారి రాయి నిలబడి ఉంది. ఏ దేవుడికైనా కళ్లు ఆఖర్న తెరుస్తారు, అంటే ఉలితో కనుపాపలు దిద్దుతారు. ఆ పని చేసే శిల్పి ఆ రోజంతా ఉపవాసం ఉంటాడు. శిల్పి అంటే ఆ కళ్లు తెరిచినవాడే, మిగతా వాళ్లంతా పనివాళ్లు. ఆ అమ్మవారికి కళ్లు నేను తెరుస్తానని శ్రీవాణి పట్టుబట్టింది.

"నాకేం అడ్డంలేదు పాపా" అన్నాడు రామయ్య. "సుంకన్న పెద్దాయన ఒప్పుకోవాల."

సుంకన్న ఆచారి శిల్పుల సంఘానికి పెద్ద. ఎనభై దాటాయి, అయినా చూపు మాత్రం గద్ద చూపు. ఆయన తేల్చి చెప్పాడు. "ఆడపిల్ల నగిషీ చెక్కనీ, నునుపు పట్టనీ. దేవుని కండ్లు ముట్టేంత పనితనం దాని చేతిలో ఉందంటావా? నా వేలితో ముట్టుకునేట్టు చూపిచ్చు. అప్పుడు మాట్లాడదాం."

అదిగో, అందుకే ఆ చక్రం.

ఫ్లెక్సీలో చక్రం సగం విరిగి ఉంది. ఇరుసు నుంచి అంచుకు పోయే ఆకులు తెగి, అంచు ఊడి. తండ్రీకూతుళ్లిద్దరూ వంగి చూశారు. "ఆరువందలేండ్ల చెక్క కదా, చెదలు తినింటాయి" అన్నాడు రామయ్య. శిల్పికి విరిగిన బొమ్మ కంట్లో నలుసు. వేలు చిట్లినా సరే, అది భిన్నమైన బొమ్మ, పూజకు పనికిరాదు, ఏట్లో కలపాల్సిందే. ఆళ్లగడ్డలో నడక నేర్చే బిడ్డకు కూడా ఇది తెలుసు. పైగా చేతిలో కత్తి, పక్కన చక్రం, కాళ్ల కింద రాజు! అచ్చం అమ్మవారే. అమ్మవారి చక్రం విరిగి ఉంటుందా ఎక్కడైనా? చెదలు తిన్నది బాగుచేయడం మన ధర్మం అనుకుంది శ్రీవాణి. బాగుచేసి ఊరుకుంటే గొడవే లేకపోను. మూరెడు చక్రాన్ని ఇరుసుతో సహా అదే రాతిలోంచి తొలిచింది. అతుకు లేదు, సీల లేదు. ఇరుసు చుట్టూ బియ్యపుగింజ పట్టేంత సందు తోడింది. రెండు నెలలు పట్టింది. వేలితో తోస్తే గిర్రున తిరుగుతుంది! ఫ్రాన్సిస్ నెలనెలా వచ్చి చూసి పోయేవాడు గానీ, ఆ చక్రం మీద మాత్రం తడి గోనెపట్ట తీయనిచ్చేది కాదు. "గుడిలో చూద్దువులే అన్నా" అని నవ్వేది. సుంకన్న పెద్దాయననూ సంఘం వాళ్లనూ కత్తెరీనమ్మ పండగ రోజు నంద్యాలకు రమ్మని, వేలు పెట్టి తిప్పి చూసుకొమ్మని కబురు కూడా పంపించింది. ఎంత ధీమా చూడండి!

మధ్యాహ్నం పన్నెండుకల్లా చైన్‌పుల్లీ కట్టి, ఎనిమిదిమంది పట్టి, బొమ్మను బలిపీఠం వెనక నిలబెట్టారు. గుడి నిండా జనం. ఊడ్చేవాళ్లు, రంగు కాగితాలు కట్టేవాళ్లు, ఊరికే చూడ్డానికి వచ్చినవాళ్లు. శ్రీవాణి గోనెపట్ట లాగేసింది. వేలితో ఒక్క తోపు తోసింది.

చక్రం తిరిగింది. చప్పుడన్నదే లేదు. నల్లగా నిగనిగలాడుతూ తిరుగుతూనే ఉంది.

"అబ్బబ్బబ్బా!" అన్నారు జనం. ఎవరో చప్పట్లు కొట్టారు. "ఒకే రాయా? ఒకటే రాయంటప్పా!" అని ఒకరినొకరు తోసుకున్నారు. ఫ్రాన్సిస్ సంబరం పట్టలేక "స్తోత్రం!" అని కేకేశాడు. శ్రీవాణికి ఆ నిమిషాన భూమ్మీద కాళ్లు ఆనలేదు. రామయ్య తువ్వాలుతో మొహం తుడుచుకున్నాడు, చెమట కోసం మాత్రం కాదు.

"ఆపండి దాన్ని!"

లోపలి గదిలోంచి ఒక ముసలమ్మ బలిపీఠం మీద పరిచే తెల్లగుడ్డ చేతిలో పట్టుకుని వచ్చింది. ఆమె కమలాక్షమ్మ. నలభై ఏళ్లు కాన్పుల నర్సుగా చేసి ఇంటికొచ్చిన మనిషి. ఆ గుడిలో ఫాదర్లు మారతారు గానీ కమలాక్షమ్మ మాట మారదని పేరు.

"చక్రాన్ని ఎవురు బాగుచేసినారు?" అంది.

"నేనేమ్మా" అంది శ్రీవాణి, మెచ్చుకుంటుందేమోనని. "పాత చెక్క కదా, చెదలు..."

"చెదలా! ఏం చెదలు మే? ఆయమ్మని ఈ చక్రానికి కట్టి చంపాలని తెచ్చినారు. ఆయమ్మ ముట్టుకుంది. ముట్టుకుంటానే పటాపంచలైపోయింది! అదీ సంగతి. అందుకే ఆ కాలపాయన ఇరిగిన చక్రం చెక్కినాడు. దాన్ని చూస్తే చాలు, మాకు కథంతా కండ్లముందుకొస్తాది. నువ్వేమో అతికిచ్చి, నున్నగా నూరి, తలారి చేతికి తిరిగి ఇచ్చినట్టుండాది!"

చక్రం ఇంకా మెల్లగా తిరుగుతోంది, దిక్కుమాలిన చక్రం. శ్రీవాణి చేత్తో పట్టి ఆపింది.

"నొప్పులు పడే ఆడబిడ్డలకి ఇరిగిన చక్రం బొమ్మ చూపిచ్చేదాన్ని నేను" అంది కమలాక్షమ్మ. ఇప్పుడు గొంతు తగ్గింది. "‘చూడు తల్లీ, ఎంత భయమైనా ఇరుగుతాది’ అనేదాన్ని. కులమని లేదు, మతమని లేదు, అందరూ ఆ బొమ్మ పట్టుకున్నోళ్లే. రేపు వాళ్లొచ్చి ఇది చూస్తే నేనేం చెప్పాల?"

ఫ్రాన్సిస్ తల పట్టుకున్నాడు. "నేను చెప్పలేదా ఆ మాట?"

"చెప్పలేదన్నా. మీ ఫోను మోగింది" అంది శ్రీవాణి. తప్పు ఆయన మీద వేసి ఊరుకోవచ్చు. కానీ గోనెపట్ట కప్పింది ఎవరు? నెలనెలా వచ్చిన మనిషికి చూపించి ఉంటే మొదట్లోనే తెలిసేది. గొప్ప చూపించుకోవాలన్న కోరిక ఎంత పని చేసింది! సిగ్గుతో ఆమెకు చెవులు కాలిపోయాయి.

ఫ్రాన్సిస్ మెత్తని మనిషి. దగ్గరకొచ్చి నెమ్మదిగా చెప్పాడు. "పాపా, రేపు మీ పెద్దాయన వస్తాడు కదా. చూసిపోనీ. ఎల్లుండి ఇరగ్గొడదాం. నీ పనీ అయితాది, మా పనీ అయితాది."

శ్రీవాణికి ప్రాణం లేచొచ్చింది. ఒక్కరోజు! ఒక్క రోజు ఆగితే సుంకన్న వేలితో తిప్పి చూస్తాడు, అమ్మవారి కళ్లు తన చేతికొస్తాయి.

"రేపు బిషప్పు దీవెన అయినాక దాని మీద ఉలి పెట్టనిస్తామా?" అంది కమలాక్షమ్మ. కోపంగా కాదు, మామూలుగా అంది.

పెట్టనివ్వరు. ఆ మాట శ్రీవాణికి ఎవరూ విడమరిచి చెప్పనక్కర్లేదు. కళ్లు తెరిచాక బొమ్మ మీద ఉలి పెట్టకూడదు. తన ఇంట్లో తాతల నాటి నుంచి ఉన్న కట్టుబాటే ఇక్కడా ఉంది. విరగ్గొడితే ఈ రోజే విరగ్గొట్టాలి, లేకపోతే ఈ గుడి ఉన్నన్నాళ్లూ ఆ చక్రం అట్లా తిరుగుతూనే ఉంటుంది.

"పోనీ వీడియో తీస్తా" అన్నాడు ఫ్రాన్సిస్.

"ఆయన ఫోన్లో చూసింది నమ్మడన్నా. వేలు పెట్టి చూస్తేనే."

"గాయంలో వేలు పెడితే గానీ ప్రభువుని నమ్మని మా తోమాసు మాదిరే ఉండాడే" అని గొణుక్కుంటూనే వీడియో తీశాడు.

శ్రీవాణి బొమ్మ ముందు నిలబడి కత్తెరీనమ్మ మొహం చూసింది. ఏడు నెలలు ఆ మొహాన్ని చూస్తూనే ఉంది, ఇంతమందిని గెలిచినా ఈమె మొహంలో గర్వం లేదే అని చెక్కేటప్పుడు ఎన్నిసార్లో అనుకుంది. ఇక ఆలోచిస్తే చెయ్యి రాదని తెలుసు. "నాయనా, సుత్తి ఇయ్యి" అంది.

రామయ్య సుత్తి ఇవ్వలేదు. "నీకు మతి పోయిందా? నిండు బొమ్మ పాపా! అదిగాక అట్లాంటి చక్రం నా జన్మలో నేను చెక్కలేదు. నా తండ్రి చెక్కలేదు." ఇన్నేళ్లలో కూతురి పనిని ఆయన మెచ్చుకున్నది అదే మొదటిసారి. మెచ్చుకోవడానికి సమయం చూసుకున్నాడు మహానుభావుడు! "నా చేత్తో భిన్నం చెయ్యను. నా కండ్లతో చూడను" అని తువ్వాలు విదిలించి బయటికి వెళ్లిపోయాడు.

శ్రీవాణి పని సంచిలోంచి సుత్తి తనే తీసుకుంది. చక్రాన్ని వేళ్లతో తట్టి చెవి ఆనించింది. కొట్టడం తేలిక. విరగడం ఎక్కడ ఆగాలన్నదే కష్టం. చక్రంలో మొదలైన పగులు ఇరుసులోకి పాకితే, అక్కడి నుంచి కత్తెరీనమ్మ నడుములోకి పాకుతుంది. అప్పుడు చక్రమూ ఉండదు, అమ్మా ఉండదు. ఇరుసు చుట్టూ వేలు తిప్పింది. సందు! బియ్యపుగింజంత సందు! తిరగడానికి తోడిన ఆ సందు దాటి పగులు పాకదు. గాలిలోంచి పగులు ఎట్లా దూకుతుంది? ఆ ఆలోచన రాగానే ఆమెకు ఒక్కసారిగా ఉత్సాహం పొంగింది. ఇరుసు అదరకుండా చక్రం వెనక ఎవరైనా బరువైన సుత్తి ఆనిస్తే చాలు.

"నేను పట్టుకుంటా" అంది కమలాక్షమ్మ. తెల్లగుడ్డ ఫ్రాన్సిస్ చేతిలో పడేసి, కొంగు బిగించి, పెద్ద సుత్తి ఎత్తబోయింది. అది లేవలేదు. మళ్లీ ఎత్తింది. మోకాలిదాకా వచ్చింది.

"ఇరిగేది చక్రం కాదమ్మా, నీ చెయ్యి. జరుగు!"

రామయ్య. ఎప్పుడొచ్చాడో వచ్చాడు. చెప్పులు గడప బయట విడిచి, మొహం గంటు పెట్టుకునే ఉన్నాడు. పెద్ద సుత్తి అందుకుని చక్రం వెనక ఆనించి, తన భుజం దానికి ఆనించాడు. "యాడ కొడ్తావో చెప్పు" అన్నాడు. శ్రీవాణి బొగ్గుతో గీత పెట్టి చూపించింది. ఆయన ఒక్క క్షణం చూసి, ఆ గీతను చెరిపి, వేలెడు పైకి పెట్టాడు. ఆమె దాన్ని చెరిపి మళ్లీ తన చోటే పెట్టింది. ఆయన కళ్లు మూసుకున్నాడు.

మొదటి దెబ్బ ఖంగుమంది. ఏమీ కాలేదు. జనంలో ఎవరో "అయ్యో" అన్నారు. రెండో దెబ్బకు మోత మారింది, గొంతు బొంగురుపోయినట్టు పలికింది రాయి. ఇద్దరికీ తెలిసింది. ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. "కానీ మే" అన్నాడు రామయ్య. మూడో దెబ్బ.

చక్రం సగం విడిపోయి, ముక్కలై ధడధడా కింద పడింది. ఒక ముక్క దొర్లుకుంటూ పోయి, కాళ్ల కింద పడి ఉన్న రాజు ముక్కుకు ఎదురుగా ఆగింది. దుమ్ము లేచింది. ఆ తర్వాత చూడాలి ఆ గుడిని! అరుపులు, చప్పట్లు, ఏడుపులు, గంట కొట్టేవాడు ఎవరూ చెప్పకుండానే పోయి గంట కొట్టాడు. కమలాక్షమ్మ వచ్చి విరిగిన అంచును చేత్తో తడిమింది, గరుగ్గా తగిలింది. "ఇప్పుడొచ్చినావమ్మా, ఇప్పుడొచ్చినావు" అని బొమ్మతో అంటూ శ్రీవాణిని కావిలించుకుంది. శ్రీవాణి నవ్విందో ఏడ్చిందో ఆమెకే తెలియదు.

మరునాడు దీవెన వైభవంగా జరిగింది. బిషప్పుగారు వెళ్లాక, ఇంకా సాంబ్రాణి పొగ చెదిరిపోకముందే, సుంకన్న ఆచారి నలుగురు పెద్దలను వెంటేసుకుని వచ్చాడు. చేతికర్ర టకటకమంటోంది.

"తిరిగే చక్రం అన్నారు. యాడుండాదప్పా రామయ్యా?"

శ్రీవాణి ముందుకొచ్చింది. "ఇరగ్గొట్టినా పెద్దాయనా."

"ఏందీ!"

"మన గుడిలో ఇరిగింది పనికిరాదు. ఈళ్ల గుడిలో ఇది ఇరగకపోతే పనికిరాదు. నాకు తెలీక నిండుగా చెక్కినా. తెలిసినాక ఇరగ్గొట్టినా." చెప్పాలనుకున్నది అంతే.

"తిరిగిందని సాక్ష్యం ఏంది?"

ఫ్రాన్సిస్ ఫోను తీసుకుని పరిగెత్తుకొచ్చాడు. సుంకన్న దాన్ని కర్రతో పక్కకు నెట్టాడు. "ఫోన్లో ఈ పొద్దు కోతి గూడ పురాణం చెప్తాది. నీళ్లు తెండి."

తెచ్చారు. పెద్దాయన ముక్కుతూ మూలుగుతూ మోకాళ్ల మీద కూర్చున్నాడు. ముందు ఇరుసు సందులో గోరు పెట్టి చుట్టూతా తిప్పాడు. మిగిలిన చక్రపు ముక్క కాస్త కదిలింది. ఊ అన్నాడు, అంతే. తర్వాత ఇరుసు మీద, బొమ్మ నడుం మీద, కాళ్ల దాకా చెంబు నీళ్లు పోశాడు. శిల్పులకు ఇది తెలిసిందే. రాతి మీది నీళ్లు ఆరిపోతాయి. లోపల కంటికి కనపడని నెర్రె ఉంటే అది మాత్రం నీళ్లు తాగి తడిగీతలా మిగిలిపోతుంది. అప్పుడిక ఏ అబద్ధమూ నిలవదు.

అందరూ రాయి ఆరడం కోసం చూస్తూ నిలబడ్డారు. ఆ పది నిమిషాలు శ్రీవాణికి ఏడు నెలల కంటే పొడుగయ్యాయి. పెద్దాయన ఊరికే ఉండక పక్కబొమ్మలు చూడటం మొదలుపెట్టాడు. వాదనలో ఓడిపోయిన యాభైమంది పండితుల బొమ్మ దగ్గర ఆగాడు. ఇంతవరకూ మీకు చెప్పలేదు గానీ, ఆ మూడో పండితుడికి గద్ద ముక్కు, చెవిలో వెంట్రుకలు, అచ్చం సుంకన్న మొహమే పెట్టింది ఈ పిల్ల. ఎవరు కనిపెడతారులే అనుకుంది.

"ఈ మూడోవాణ్ని యాడనో చూసినట్టుండాదే" అన్నాడు పెద్దాయన. సంఘం పెద్దల్లో ఒకాయన దగ్గు నటించి అటు తిరిగాడు. శ్రీవాణి గబుక్కున తండ్రి వెనక్కి జరిగింది.

రాయి ఆరింది. ముందు నడుము, తర్వాత ఇరుసు. సుంకన్న కళ్లు చికిలించి, మొహం రాతికి ఆనేంత దగ్గరగా పెట్టి వెతికాడు. తడిగీత లేదు. ఇంకోసారి చెంబు అడుగున మిగిలిన నీళ్లు కూడా పోసి చూశాడు. ఎక్కడా లేదు.

"ఎన్ని దెబ్బలు?"

"మూడు" అన్నాడు రామయ్య. "కొట్టింది పాప. నేను ఉత్త ఆనిక. గీత నేను పెట్టింది తప్పు, చెరిపేసి దాని చోటే కొట్టింది."

పెద్దాయన కర్ర ఆనించుకుని లేచాడు. "తిరిగే చక్రం నా చిన్నప్పుడు మా మేనమామ చెక్కినాడు" అన్నాడు. "చెక్కినోళ్లను చూసినా. ఇరుగుడు యాడ ఆగాలనో రాతికి చెప్పినోళ్లను నేను చూల్లేదు." తర్వాత రామయ్య వైపు తిరిగాడు. "ఆత్మకూరు అమ్మవారికి కండ్లు తెరిచేది ఎప్పుడు?"

"శుక్రవారం."

"ఉపవాసం ఎవురుంటారు?"

"నేనే ఉం..."

"నిన్నడగలేదప్పా" అని సుంకన్న శ్రీవాణి వైపు కర్ర చాపాడు. "ఉంటావా మే?"

శ్రీవాణి గబగబా తలూపింది.

"తలూపితే గాదు. నోటితో చెప్పు. నలుగురు వినాల."

"ఉంటా పెద్దాయనా!" అంది. ఎంత గట్టిగా అందంటే, బయట షామియానా కింద బిర్యానీ వడ్డిస్తున్నవాళ్లు గరిటెలు పట్టుకునే గుడి వైపు తిరిగి చూశారు.